కొండకు ఇటు నల్లా నీళ్లు, అటు గోదారి

దాదర్‌లో పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి సరస్సు ఒడ్డున ఉండొచ్చు. ముంబయి తెలుగు కుటుంబాలు రెండు రోజుల సెలవును భండారదరాలో ఎలా గడపొచ్చో చెప్పే ప్రత్యేక కథనం

పడమటి గాలి మోసుకొచ్చిన మబ్బు ఇగత్‌పురి ప్రాంతంలో సహ్యాద్రి కొండలకు తగిలి కురుస్తుంది. ఆ వానకు రెండు దారులున్నాయి. పడమర వాలు మీద పడిన నీరు భాత్సా, వైతరణ నదుల్లోకి దిగి, జలాశయాల్లో నిలిచి, పైపుల్లో ముంబయికి వస్తుంది. నాయ్‌గావ్ చాల్‌లో తెల్లవారుజామున నల్లా కింద పెట్టిన బిందె నిండేది ఆ నీటితోనే. తూర్పు వాలు మీద పడిన నీరు దార్ణా, ప్రవర నదుల్లో కలిసి గోదావరి దారి పడుతుంది. కాలం బాగా అయిన ఏడు ఆ వరద బాసర వంతెన కింద నుంచి శ్రీరామసాగర్‌లో చేరి, కాకతీయ కాలువ వెంట జగిత్యాల, కరీంనగర్ పొలాలకు పారుతుంది.

దాదర్, నాయ్‌గావ్, వర్లీ, కామాఠిపురల్లో ఉంటున్న తెలుగువాళ్లలో చాలామంది ఊళ్లు ఆ కాలువల పక్కనే ఉన్నాయి. అంటే వాళ్లు బతుకుతున్న ఊరికీ, కని పెంచిన ఊరికీ నీళ్లు పంచి ఇస్తున్నది ఒకే కొండల వరుస. ఆ వరుసకు తూర్పు పక్కన, ప్రవర నది పుట్టిన చోటికి దగ్గరలో, వందేళ్ల కిందట కట్టిన ఆనకట్ట వెనుక భండారదరా సరస్సు ఉంది. గుడారం వేసుకోవడానికీ, పడవ ఎక్కడానికీ, తెడ్డు పట్టి కయాక్ నడపడం నేర్చుకోవడానికీ ముంబయి మనిషికి అందుబాటులో ఉన్న మంచి చోట్లలో ఇదొకటి. తెలుగువాళ్లకు అంతకుమించిన చుట్టరికం కూడా ఉంది.

సెలవంటే ఊరికి పోవడమేనా?

హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పద్దెనిమిదో శతాబ్దం చివర్లో పూర్తయింది. సముద్రపు పోటు నిలిచే పల్లపు నేలలు ఆ తర్వాత మెల్లగా ఆరాయి. కట్టడాల పనికి నిజాం రాజ్యం నుంచి వచ్చిన తెలుగు కూలీలు కాపురాలు పెట్టిన వాడే కామాఠిపుర. తర్వాతి తరాల్లో పద్మశాలీలు ఊళ్లో మగ్గం వదిలి ఇక్కడి గిర్నీల్లో చేరారు. 1920ల మొదట్లో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టిన 207 చాళ్లలో 42 నాయ్‌గావ్‌లో ఉండేవి. అక్కడి నుంచి దాదర్ స్టేషన్‌కు నడిచే పోవచ్చు. ఒక్కో ఖోలీ 160 చదరపు అడుగులు. అందులోనే వంట, పడక, పిల్లల చదువు, ఊరి నుంచి వచ్చిన చుట్టాలు. 1982 జనవరి 18న మొదలైన గిర్నీ సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డా ఖోలీలు మాత్రం నిండుగానే ఉన్నాయి. ఇప్పుడు ఆ చాళ్ల చోటే బహుళ అంతస్తులు లేస్తున్నాయి. 2025 ఆగస్టులో వర్లీలో 556 కుటుంబాలకు కొత్త ఇళ్ల తాళాలు అందాయి.

ఇన్ని మార్పుల్లోనూ ఒకటి మాత్రం అలాగే ఉంది. ఇక్కడి తెలుగువాళ్లకు సెలవు అంటే ఊరికి పోవడమే. పెళ్లికో, దినానికో, బతుకమ్మకో, జాతరకో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కడం, నాలుగు రోజులు పది ఇళ్లు తిరగడం, అలసిపోయి తిరిగి రావడం. ఊరు కావాలి, అందులో సందేహం లేదు. అయితే ఊరి ప్రయాణంలో బాధ్యతలు ఎక్కువ, విశ్రాంతి తక్కువ. వంటింటి నుంచి వంటింటికి మారే ఆడవాళ్లకైతే ఆ తక్కువ కూడా దొరకదు. ఏ పనీ లేకుండా నీటి ఒడ్డున కూర్చోవడం, రాత్రి ఆరుబయట పడుకోవడం, పిల్లలతో కలిసి పడవ నడపడం కూడా కుటుంబానికి అవసరమే. ముంబయిలో పుట్టిన పిల్లల్లో ఎందరికో గోదావరి అంటే బాసర దగ్గర రైలు కిటికీలోంచి పైసలు వేసే నిమిషం మాత్రమే. అదే గోదావరికి నీళ్లిచ్చే కొండలు తమ ఇంటికి నాలుగైదు గంటల దూరంలో ఉన్నాయని వాళ్లకు చెప్పేవాళ్లు కావాలి.

ముంబయి చెరువులు ఎందుకు కాదు?

నగరంలోనే చెరువులున్నాయి కదా అనిపించవచ్చు. 1860లో విహార్, 1879లో తులసి, 1892లో తాన్సా సిద్ధమయ్యాయి. మోడక్ సాగర్, ఎగువ వైతరణ, భాత్సా, మధ్య వైతరణ తర్వాత వచ్చాయి. ముంబయికి తాగునీరిచ్చే ఏడు సరస్సులు ఇవే. నగరం తాగే నీటిలో దాదాపు సగం ఒక్క భాత్సా నుంచే వస్తుంది. తాగునీటి వనరులు కాబట్టి వీటిమీద కాపలా ఉంటుంది. విహార్, తులసి సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానంలో ఉన్నాయి. అక్కడ పడవ సరదా కుదరదు, కుదరకపోవడమే మంచిది. పవై చెరువు చూడ్డానికి బాగున్నా అందులో మొసళ్లున్నాయి, నీరూ శుభ్రమైనది కాదు.

లోణావాలా దాటాక ఉన్న పవనా సరస్సు అందరికీ తెలిసిన పేరు. లోహగడ్, తికోనా, తుంగ్ కోటలు చుట్టూ ఉండగా ఒడ్డంతా గుడారాల శిబిరాలే. ఒక్క రాత్రికి, యువకుల గుంపుకి అది సులువు. శని, ఆదివారాల్లో అక్కడి రద్దీ, పాటల హోరు పెద్దవాళ్లున్న కుటుంబానికి పడవు. అందుకే ఇంకొంచెం దూరమైనా భండారదరా వైపు చూడమని చెప్పాలనిపిస్తుంది.

ప్రవరకు అడ్డంగా విల్సన్ కట్ట

అహ్మద్‌నగర్ జిల్లా, ఇప్పటి అహిల్యానగర్ జిల్లా, అకోలే తాలూకాలో ఉంది భండారదరా. రతన్‌గడ్ కొండ మీద పుట్టిన ప్రవర నదికి అడ్డంగా 1910లో ఆనకట్ట పని మొదలై 1926లో పూర్తయింది. బొంబాయి గవర్నరు లెస్లీ విల్సన్ పేరు దానికి పెట్టారు. రాతితో కట్టిన ఆ గోడ ఎత్తు సుమారు 82 మీటర్లు, పొడవు 507 మీటర్లు. నిండినప్పుడు వెనుక 11 టీఎంసీల నీరు నిలుస్తుంది. కట్ట తూము నుంచి వదిలిన నీరు కింద బండ మీదుగా గొడుగు ఆకారంలో జారడం చూడటానికే వానాకాలంలో జనం వస్తారు. అందుకే అది అంబ్రెల్లా జలపాతం అయింది.

సరస్సుకు పై కొసన రతన్‌వాడి, ఇటు కొసన కట్ట పక్కన శేండీ గ్రామం. చుట్టూ కొండలు. వాటిలో కళసూబాయి 1,646 మీటర్లతో మహారాష్ట్రలోకెల్లా ఎత్తైన శిఖరం. ఘాట్‌ఘర్, రతన్‌వాడి వైపు ఏటా అయిదు వేల మిల్లీమీటర్ల వాన పడటం మామూలే. అక్కడి నుంచి తూర్పుకు పోతున్నకొద్దీ వాన పలచబడి, తాలూకా రెండో కొసకు వెళ్లేసరికి నేల కరువు నేలవుతుంది. ఎక్కువ కురిసే చోట నీటిని ఆపి, తక్కువ కురిసే చోటికి కాలువల్లో పంపడానికే ఈ కట్ట కట్టారు. ప్రవర కాలువల కింద చెరకు పెరిగింది. ఆ చెరకు రైతులే విఠ్ఠల్‌రావు విఖే పాటిల్ నాయకత్వంలో ప్రవరానగర్‌లో సహకార చక్కెర మిల్లు పెట్టుకున్నారు. సహకార రంగంలో దేశానికి దారి చూపిన మిల్లు అది.

ఇక్కడి నీరు ఎక్కడికి పోతుంది?

కట్ట దాటిన ప్రవర మొదట నిళవండే ఆనకట్టలో ఆగుతుంది. అకోలేలో అగస్త్య మహర్షి ఆశ్రమమని చెప్పే గుడి పక్కగా పోతుంది. అగస్త్యుడి తపస్సుకు మెచ్చి దేవతలు ఇచ్చిన పాయే ప్రవర అని అక్కడివాళ్లు చెబుతారు. తర్వాత సంగమ్‌నేర్. ఆపైన నేవాసా. జ్ఞానేశ్వరుడు 1290 ప్రాంతంలో భగవద్గీతకు మరాఠీలో వ్యాఖ్యానం చెప్పింది ఆ ఊళ్లోనే. నేవాసాకు దగ్గర్లో ప్రవరాసంగమం వద్ద నది గోదావరిలో కలుస్తుంది. ఆ కలయిక జాయక్‌వాడి జలాశయం వెనుక నీళ్లలోనే జరుగుతుంది. జాయక్‌వాడి కట్ట ఉన్న పైఠణ్ మన శాతవాహనుల ప్రతిష్ఠానపురం.

పైఠణ్ నుంచి నాందేడ్, నాందేడ్ దాటాక బాభళీ బ్యారేజీ. తెలుగు రాష్ట్రానికీ మహారాష్ట్రకూ మధ్య పెద్ద వివాదమై సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ప్రాజెక్టు ఇది. 2013లో కోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జులై 1 నుంచి అక్టోబరు 28 వరకు దాని గేట్లు తెరిచే ఉంచాలి. ఆ తర్వాత కందకుర్తి దగ్గర గోదావరి తెలంగాణలోకి వస్తుంది. బాసర, శ్రీరామసాగర్ ఉన్న పోచంపాడు, ధర్మపురి, భద్రాచలం, పాపికొండలు, రాజమహేంద్రవరం, ఆపైన సముద్రం.

భండారదరాలో పడిన ప్రతి చుక్కా పోచంపాడు చేరదు. చెరకు తోటలు తాగేది తాగాక, జాయక్‌వాడి నిండాక, నడుమ బ్యారేజీలు పట్టుకున్నాక మిగిలిందే కిందికి వస్తుంది. కరువు ఏళ్లలో ఎగువ కట్టల నుంచి జాయక్‌వాడికి నీళ్లు వదిలే విషయంలో నగర్, నాసిక్ రైతులకూ మరాఠ్వాడా రైతులకూ గొడవలవుతాయి. వరద ఏళ్లలో మాత్రం ఈ కొండల నీరు మన పొలాల దాకా వస్తుంది. కాబట్టి ఈ సరస్సు ఒడ్డున పిల్లలకు చూపించడానికి నీరొక్కటే లేదు. నీటిని ఎవరు ఆపుతారు, ఎవరికి పంచుతారు, కింద ఎవరు ఎదురుచూస్తారు అన్న పాఠమంతా అక్కడుంది.

ఎలా వెళ్లాలి?

దాదర్‌లో ఆగే తపోవన్ ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే బయల్దేరి ఇగత్‌పురి మీదుగా నాందేడ్ పోతుంది. ఇగత్‌పురి సుమారు 130 కిలోమీటర్లు. కసారా నుంచి ఘాట్ ఎక్కుతుంటే ప్రతి 37 అడుగులకు ఒక అడుగు ఎత్తు పెరుగుతుంది. అందుకే కసారాలో రైలుకు అదనపు ఇంజన్లు తగిలిస్తారు. 1865లో తెరిచిన ఈ దారిలోనే దేవగిరి కూడా పోతుంది. రాత్రి రైలు కావడంతో ఊరికి పోయే మనవాళ్లు ఈ ఘాట్‌ను నిద్రలోనే దాటేస్తుంటారు. ఒక్కసారి పగటి రైల్లో, కిటికీ పక్కన కూర్చుని చూడాల్సిన దారి ఇది.

ఇగత్‌పురి నుంచి భండారదరా 45 కిలోమీటర్ల దాకా ఉంటుంది. జీపు మాట్లాడుకుంటే నేరుగా శేండీలో దిగొచ్చు. ఖర్చు తగ్గాలంటే ఘోటీ దాకా వెళ్లి, అక్కడ రాజూర్, అకోలే వైపు పోయే ఎస్టీ బస్సు పట్టుకోవాలి. బస్సులు తక్కువ కాబట్టి వేళలు ముందే కనుక్కోండి. తిరిగి రావడానికి సాయంత్రం ఇగత్‌పురికి అదే తపోవన్ వస్తుంది. శని, ఆదివారాల రద్దీకి టికెట్లు ముందుగా చేయించుకోవాలి.

సొంత కారున్నవాళ్లకు పాత నాసిక్ రహదారితోపాటు 2025 జూన్‌లో పూర్తిగా తెరిచిన సమృద్ధి మహామార్గం ఉంది. ఠాణే జిల్లా ఆమణే దగ్గర ఎక్కితే పొడవైన సొరంగం గుండా ఇగత్‌పురిలో తేలతారు, ఘాట్ మలుపులు తప్పుతాయి. దానిమీదకు బైకులను, ఆటోలను రానివ్వరు. బైకు మీద వెళ్లే కుర్రాళ్లు పాత రోడ్డే పట్టుకోవాలి.

ఏ కాలం మంచిది?

జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొండలన్నీ జలపాతాలే. చూడ్డానికి అంతకు మించిన కాలం లేదు. పడవలకు, గుడారాలకు మాత్రం అది కాలం కాదు. గాలివాన, పొగమంచు, ఒక్కసారిగా పెరిగే ప్రవాహం ఉంటాయి. ఆ నెలల్లో వెళ్తే గది తీసుకుని, దూరం నుంచి చూసి రావాలి.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు సరస్సు నిండుగా, గాలి నెమ్మదిగా ఉంటుంది. వాన వెనుకబట్టగానే కొండల మీద సోన్‌కీ పూలు పసుపుపచ్చగా విరబూస్తాయి. దసరా అయ్యాక, కార్తికంలో వెళ్లడం అన్నిటికన్నా మేలు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి గట్టిగా ఉంటుంది. మార్చి తర్వాత కాలువలకు నీళ్లు వదలడంతో సరస్సు కుంచించుకుపోయి ఒడ్డు బురదవుతుంది. మే చివర్లో, తొలకరికి ముందు, చెట్ల నిండా మిణుగురులు వెలుగుతాయి. వేల జనం ఎగబడటం వల్ల ఆ పురుగులకే ముప్పు వచ్చి అటవీశాఖ కట్టుబాట్లు పెట్టింది. ఫ్లాష్ కొట్టకుండా, టార్చి ఆర్పి, రోడ్డు మీద నుంచే చూడగలిగితేనే వెళ్లండి.

గదా, గుడారమా?

మన కుటుంబాలు కదిలితే నానమ్మ నుంచి చంటిబిడ్డ దాకా కదులుతాయి. అందుకని బస రెండు రకాలుగా చేసుకోవడం మంచిది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, చంటిపిల్లల తల్లులకు గది. కుర్రకారుకు గుడారం. రెండూ దగ్గర దగ్గరలో ఉండేలా చూసుకోవాలి.

గదుల్లో ముందు చెప్పుకోవాల్సింది సరస్సుకు ఎదురుగా ఉన్న మహారాష్ట్ర పర్యాటక సంస్థ ఎమ్‌టీడీసీ అతిథి గృహం. అక్టోబరు నుంచి వారాంతాలు త్వరగా నిండిపోతాయి, కనీసం నెల ముందు మాట్లాడుకోవాలి. శేండీలో ప్రైవేటు హోటళ్లున్నాయి. శేండీ, ముర్‌శేత్, రతన్‌వాడి ఊళ్లలో స్థానికులు తమ ఇళ్లలోనే గదులిస్తారు. డబ్బు నేరుగా ఊరివాళ్లకే అందుతుంది, భోజనం ఇంటి వంట. వీలైతే ఇదే ఎంచుకోండి.

గుడారాల శిబిరాలు ముర్‌శేత్, శేండీ ఒడ్ల మీద ఎక్కువ. మాట్లాడుకునేటప్పుడు నాలుగు సంగతులు అడగండి. ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి ఉందా? గుడారం నీటి అంచుకు ఎంత దూరం? రాత్రి మనిషి కాపలా ఉంటాడా? లౌడ్‌స్పీకర్ పెడతారా? మొదటి మూడింటికి సరైన జవాబు రాకపోయినా, నాలుగోదానికి అవునన్నా ఇంకో శిబిరం చూసుకోండి. ఈ కొండలు 1986లో ప్రకటించిన కళసూబాయి–హరిశ్చంద్రగడ్ అభయారణ్యంలో భాగం. ఈ ప్రాంతంలో చిరుతలున్నాయి. తిన్నవి గుడారం బయట వదలకూడదు, చీకట్లో ఒంటరిగా తిరగకూడదు, శిబిరం వాళ్లు చూపిన చోట తప్ప మంట వేయకూడదు.

వెంట తీసుకెళ్లాల్సినవి ఎక్కువేం లేవు. మందపాటి దుప్పటి, టార్చి, దోమల మందు, బీపీ, షుగరు మాత్రలు, తడిస్తే మార్చుకోవడానికి ఒక జత, చేతిలో కొంత నగదు. రతన్‌వాడి వైపు ఫోను సరిగా పలకదు, ఆన్‌లైన్‌లో డబ్బు కట్టొచ్చన్న ధీమా వద్దు.

తెడ్డు పట్టుకునే ముందు

శేండీ ఒడ్డు నుంచి రతన్‌వాడి దాకా మోటారు పడవలు పోతాయి. కొన్ని శిబిరాల దగ్గర కయాక్‌లు కూడా ఉంటాయి. ఏ కాలంలో ఏవి నడుస్తున్నాయో బస మాట్లాడుకునేటప్పుడే ఖాయం చేసుకోండి. ఈత రాకపోయినా కయాక్ ఎక్కొచ్చు, లైఫ్‌జాకెట్ లేకుండా మాత్రం ఈత వచ్చినవాళ్లు కూడా ఎక్కకూడదు. జాకెట్ పట్టీలన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాకా జారి వచ్చిందంటే అది మీ కొలత కాదు. పిల్లలకు పిల్లల జాకెట్టే కావాలి.

తెడ్డును భుజాల వెడల్పుకు కాస్త ఎక్కువగా పట్టుకోవాలి. మోచేతులతో లాగితే పది నిమిషాల్లో చేతులు పడిపోతాయి. నడుము నుంచి ఒళ్లు తిప్పుతూ వేస్తే గంటసేపైనా అలసట రాదు. వెళ్లేటప్పుడు గాలికి ఎదురు వెళ్లండి, వచ్చేటప్పుడు అలసిన చేతులకు గాలే తోడవుతుంది. తెల్లవారాక రెండు మూడు గంటలు, మళ్లీ పొద్దు వాలేముందు నీరు నిలకడగా ఉంటుంది. మధ్యాహ్నం గాలి పెరిగి అలలు లేస్తాయి. ఒడ్డు వెంటే నడపండి, సరస్సును అడ్డంగా దాటే పని పెట్టుకోకండి. కయాక్ తిరగబడితే దాన్ని వదలకూడదు. అది మునగదు, దాన్ని పట్టుకున్న మనిషీ మునగడు. పొద్దు కుంకేలోగా అందరూ ఒడ్డున ఉండాలి.

ఇది కట్ట వేసి ఆపిన లోయ. ఒడ్డున మోకాలి లోతు ఉన్న నీరు రెండడుగులకే నిలువెత్తు దాటవచ్చు. అడుగున బురద, చెట్ల మోళ్లు ఉంటాయి. ఫోటో కోసమో, స్నానానికో దిగడం ప్రాణాలతో చెలగాటం. 2024 జూన్ 30న లోణావాలాలో భూశీ కట్ట దగ్గర ఒకే కుటుంబంలో అయిదుగురు ప్రవాహంలో కొట్టుకుపోయారు. 2025 జనవరి 11న సిద్దిపేట జిల్లా కొండపోచమ్మ సాగర్‌లో హైదరాబాద్ కుర్రాళ్లు అయిదుగురు మునిగిపోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ బోల్తాపడి పదుల మంది పోయారు. సరదాకు వెళ్లినవాళ్లే అందరూ. అందుకే జనం ఎక్కువైన పడవ ఎక్కవద్దనడం, తాగినవాళ్లను నీటి దగ్గరికి రానివ్వకపోవడం మర్యాదకు భంగమని ఎవరూ అనుకోవద్దు. ప్రతి గుంపులో ఒకరు ఆ రెండు రోజులూ ఆ బాధ్యత తీసుకోవాలి.

రెండు రోజులు ఇలా

శనివారం మధ్యాహ్నానికి శేండీ చేరి భోంచేశాక కాసేపు నడుం వాల్చండి. నాలుగింటికి కయాక్, చీకటి పడకముందే ఒడ్డుకు. ఆ రాత్రి మబ్బు లేకపోతే దాదర్‌లో ఏనాడూ కనపడనన్ని చుక్కలు కనిపిస్తాయి. పిల్లలకు ధ్రువుణ్ణి చూపించే పని తాతలకు అప్పగించండి.

ఆదివారం పొద్దున్నే పడవలో రతన్‌వాడి. అక్కడి అమృతేశ్వరాలయం శిలాహారుల కాలం నాటిదని చెబుతారు. నల్లరాతి గోడల మీద, కప్పు మీద సన్నని చెక్కడం ఉంది. వానాకాలంలో గర్భగుడిలోకి నీళ్లు ఊరి లింగం మునిగిపోతుంది. పక్కనే చదరపు పుష్కరిణి, దాని గోడల గూళ్లలో దేవతామూర్తులు. గుడి వెనుక లేచి నిలబడిన కొండే రతన్‌గడ్, ప్రవర మొదలయ్యేది అక్కడే. తిరుగు దారిలో సమయం ఉంటే కట్ట చూసి, సాయంత్రం రైలుకు ఇగత్‌పురి చేరాలి.

మూడో రోజు దొరికినవాళ్లు ఒకటి ఎంచుకోవచ్చు. బారీ గ్రామం నుంచి ఇనుప నిచ్చెనల మీదుగా కళసూబాయి ఎక్కడం కుర్రకారుకు. పది కిలోమీటర్ల దూరంలో ప్రవర లోయలోకి దూకే రంధా జలపాతం అందరికీ. సామ్రద్ దగ్గర రెండు కొండల మధ్య సన్నగా చీలిన సాంధణ్ లోయ గట్టి కాళ్లున్నవాళ్లకు, అదీ వానలు పూర్తిగా వెళ్లాకే. అన్నీ రెండు రోజుల్లో చూడాలనుకుంటే జీపు సీటు తప్ప ఏమీ గుర్తుండదు.

ఊరివాళ్లతో

ఇక్కడి పల్లెల్లో మహాదేవ కోళీ, ఠాకర్ ఆదివాసీ కుటుంబాలు ఎక్కువ. వాళ్ల భోజనంలో రాగి భాకరీ, శనగపిండి పిఠ్‌లా, పచ్చిమిర్చి ఠేచా, కొండ వరి అన్నం ఉంటాయి. కారం తినే మన నాలుకకు ఠేచా పరాయిది కాదు. ఈ తాలూకాలోనే కొంభాళ్‌ణే గ్రామంలో రాహీబాయి పోపెరే అనే ఆదివాసీ రైతు నాటు విత్తనాలను వెతికి, దాచి, పంచి బీజమాత అనిపించుకున్నారు. 2020 పద్మశ్రీ ఆమెకు వచ్చింది. మీకు వడ్డించిన వరిలో, చిక్కుడులో ఏవి నాటు రకాలో అడగండి, సంతోషంగా చెబుతారు. మీరు తీసుకెళ్లిన సకినాలు, పులిహోర వాళ్ల పిల్లలకూ పెట్టండి.

ఈ కొండల్లో ఇంత వాన పడినా వేసవిలో కొన్ని గూడేల్లో ఆడవాళ్లు నీళ్లకు దూరం నడుస్తారు. వాలు మీద నీరు నిలవదు, కట్టలో నిలిచింది కింది ఊళ్లకు పోతుంది. ముంబయి నుంచి వచ్చిన అతిథి ఆ సంగతి గుర్తుంచుకుని బకెట్టు నీళ్లతో స్నానం ముగించడం, ప్లాస్టిక్ సీసాలు తిరిగి సంచిలో వేసుకుని దాదర్ తెచ్చుకోవడం కనీస మర్యాద.

ఈ కార్తికానికి

మనకు వనభోజనాల సంప్రదాయం ఉండనే ఉంది. కార్తికంలో ఉసిరి చెట్టు కింద కలిసి తినడానికి ముంబయిలో చాలాసార్లు ఏ తోటో, ఏ హాలో వెతుక్కుంటాం. భండారదరాలో నీరు నిండుగా, గాలి నెమ్మదిగా ఉండేది సరిగ్గా ఆ నెలలోనే. దాదర్ తూర్పున ఆంధ్ర మహాసభ ఉంది, వర్లీలో, నాయ్‌గావ్‌లో, కామాఠిపురలో కుల సంఘాలు, యువజన మండళ్లు ఉన్నాయి. పెళ్లిళ్లకు, తీర్థయాత్రలకు బస్సులు మాట్లాడటం మనవాళ్లకు కొత్త కాదు. ఒక్క బస్సు ఈ సరస్సుకు మాట్లాడితే నలభై మంది తక్కువ ఖర్చులో వెళ్లి వస్తారు. ఒంటరిగా గది తీసుకునే స్తోమత లేని కుటుంబం కూడా అందులో ఉండగలుగుతుంది.

దసరాకు ముందే తేదీ అనుకుని, గదులు, గుడారాలు, పడవలు మాట్లాడేయాలి. చదువుకున్న కుర్రాళ్లలో ఇద్దరు ప్రథమ చికిత్స నేర్చుకుని బాధ్యత తీసుకోవాలి. వంట ఊరివాళ్లకే అప్పగించాలి, మన ఆడవాళ్లు ఆ రెండు రోజులూ పొయ్యి ముందు కూర్చోకూడదు. పేర్లు రాసేటప్పుడు గిర్నీలో జీవితమంతా పనిచేసి, ఇప్పుడు ఖోలీ దాటి వెళ్లని పెద్దవాళ్ల పేర్లు మొదట రాయండి. వాళ్లకు బస్సులో ముందు సీటు, కింది అంతస్తులో గది ఖాయమయ్యాకే మిగతావాళ్ల లెక్క మొదలుపెట్టండి.